94,000 కిలోమీటర్లు, మూడు ఇంజన్ ఆయిల్ గ్రేడ్లు: నా ఆక్టేవియా వీఆర్‌ఎస్‌కి 5డబ్ల్యూ-40 ఎందుకు కుదిరిందంటే

2017 డిసెంబరులో తీసుకున్న స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ 230 ఇది. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 230 పీఎస్ పవర్, 350 న్యూటన్ మీటర్ల టార్క్, ఆరు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్. మీటరు ఇప్పుడు 94,000 చూపిస్తోంది. ఇంజన్ లోపల ఏమీ మార్చలేదు, పవర్ పెంచడానికి సాఫ్ట్‌వేర్ మార్చే రీమ్యాప్ కూడా చేయించలేదు. రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి ఆఫీసు, ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్), ఏడాదికి రెండుసార్లు శ్రీశైలం, మొత్తం మీద మూడుసార్లు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్. ఈ తిరుగుడు మొత్తానికి మూడు గ్రేడ్ల ఆయిల్ వాడి చూశాను. మొదట 5డబ్ల్యూ-30, మధ్యలో 10డబ్ల్యూ-60, గత 56,000 కిలోమీటర్లుగా 5డబ్ల్యూ-40.

ఆయిల్ గురించి ఎవరితో మాట్లాడినా మొదట వినిపించే మాట ఒకటే. "మన ఎండలకి ఆ పల్చటి ఆయిల్ ఏం ఆగుతుందన్నా, చిక్కటిది పొయ్యి." నేనూ చాలాకాలం అదే నమ్మాను. ఈ కారులో ఒక మంచి వసతి ఉంది, స్టీరింగ్ ముందున్న చిన్న స్క్రీన్ మీద ఆయిల్ టెంపరేచర్ చూసుకోవచ్చు. రెండేళ్లపాటు ఆ అంకెను ఓ నోటుబుక్కులో రాసిపెట్టాను. జనవరిలో పొద్దున బయట 16 డిగ్రీలున్నప్పుడు ఓఆర్‌ఆర్ మీద 120లో నిలకడగా వెళ్తే ఆయిల్ 98 దగ్గర నిలబడింది. మేలో బయట 43 ఉన్న మధ్యాహ్నం అదే రోడ్డు, అదే స్పీడు: 102. బయట 27 డిగ్రీల తేడా ఉంటే ఆయిల్‌లో కనిపించింది నాలుగే డిగ్రీలు. ఎందుకంటే ఈ ఇంజన్‌లో ఆయిల్ కూలర్‌లోంచి కూలెంట్ పారుతూ ఉంటుంది. కూలెంట్ వేడిని థర్మోస్టాట్ కట్టడి చేస్తుంది. కూలెంట్ ఎక్కడ నిలబడితే ఆయిల్ దాదాపు ఆ చుట్టుపక్కలే నిలబడుతుంది.

ఆ అంకెను నిజంగా పైకి లేపేది యాక్సిలరేటర్ మీదున్న మన కాలే. ఈగలపెంట దాటి డ్యామ్ దాకా దిగి మళ్లీ శ్రీశైలం ఎక్కేటప్పుడు, స్పోర్ట్ మోడ్‌లో లాగిస్తే 113 దాకా వెళ్లింది. ట్రాక్ మీద ఆరో ల్యాపుకి 132. అందుకే ఎవరైనా ఏ గ్రేడ్ పొయ్యమంటావని అడిగితే మీ ఊళ్లో ఎండెంత అని అడగను. ఆయిల్ ఎంత వేడెక్కుతోంది, ఎంతసేపు ఆ వేడిలో ఉంటోంది అని అడుగుతాను.

డబ్బా మీది అంకెల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని సర్వీసు అడ్వైజర్లు కూడా తప్పు చెప్పడం విన్నాను. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె గట్టి చలిలో ఇంజన్ ఎంత తేలిగ్గా తిరుగుతుందో చెబుతుంది. 5డబ్ల్యూని మైనస్ 30 డిగ్రీల దగ్గర, 10డబ్ల్యూని మైనస్ 25 దగ్గర పరీక్షిస్తారు. మనకి ఆ చలి లంబసింగిలో కూడా ఉండదు. మా బావ మినియాపొలిస్‌లో ఇదే కుటుంబానికి చెందిన ఇంజనున్న గోల్ఫ్ జీటీఐ నడుపుతాడు. జనవరిలో పొద్దున్నే కారు తీసే అతనికి ఆ మొదటి అంకె చాలా ముఖ్యం, అందుకే 0డబ్ల్యూ-40 పోస్తాడు. మనకి ముఖ్యమైంది రెండో అంకె. అది 100 డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనం. ఈ గ్రేడ్లు నిర్ణయించే ఇంజనీర్ల సంస్థ ఎస్‌ఏఈ లెక్కలో 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనానికి కొలత) లోపు ఉంటే 30, 12.5 నుంచి 16.3 లోపు ఉంటే 40, 21.9 నుంచి 26.1 లోపు ఉంటే 60. అంటే 30కీ 40కీ మధ్య ఒక గీత మాత్రమే ఉంది. 12.4 ఉన్న ఆయిల్ మీద 30 అని, 12.6 ఉన్నదాని మీద 40 అని రాసి ఉంటుంది.

అందుకే అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. 150 డిగ్రీల వేడిలో, బేరింగ్ సందులో నలుగుతున్నప్పుడు ఆయిల్‌లో మిగిలే చిక్కదనాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. మామూలు 30 గ్రేడ్‌కి అది కనీసం 2.9 (మిల్లీపాస్కల్ సెకన్లలో) ఉంటే సరిపోతుంది. 5డబ్ల్యూ-40కి 3.5 ఉండాలి. కానీ స్కోడా మాతృసంస్థ ఫోక్స్‌వాగన్ తన ఇంజన్లకి పనికొస్తాయని ఆయిళ్లకి ఇచ్చే ఆమోదాల్లో (అప్రూవల్) ఒకటైన 504 00 ఉన్న 5డబ్ల్యూ-30 కూడా 3.5కి తగ్గకూడదు. ఒకే షెల్ఫు మీద పక్కపక్కనే ఉన్న రెండు 5డబ్ల్యూ-30 డబ్బాల్లో ఒకటి ఈ ఇంజన్‌కి చక్కగా పనికొస్తుంది, ఇంకొకటి పనికిరాదు. ముందు అప్రూవల్ చూడాలి, తర్వాతే గ్రేడ్. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఫోక్స్‌వాగన్‌దే ఇంకో అప్రూవల్ 502 00 గానీ, 504 00 గానీ కనపడకపోతే నేను ఆ డబ్బా ముట్టుకోను.

మొదటి 30,000 కిలోమీటర్లు 504 00 ఉన్న 5డబ్ల్యూ-30 వాడాను. దాని గురించి చెడు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. హైవే మీద లీటరుకి 13.1 ఇచ్చింది, పొద్దున స్టార్టింగ్ మెత్తగా ఉండేది. మొదటిసారి ట్రాక్‌కి వెళ్లినప్పుడు మాత్రం, సెషన్ అయ్యి పిట్‌లోకి వచ్చి ఐడిల్‌లో నిలబెడితే వాల్వుల దగ్గర సన్నగా టిక్ టిక్‌మని వినిపించింది. పది నిమిషాల్లో పోయింది. బహుశా దానివల్ల నష్టమేమీ జరిగి ఉండదు. కానీ ఆ శబ్దం నాకు భయం పట్టించింది, ఆ భయంలోనే తప్పు చేశాను.

పర్ఫార్మెన్స్ కారుకి రేసింగ్ ఆయిల్ పొయ్యాలని ఒక స్నేహితుడు గట్టిగా చెప్పాడు. బీఎమ్‌డబ్ల్యూ తన పాత ఎమ్3లకి 10డబ్ల్యూ-60 పొయ్యమని చెప్పిన మాట నిజమే. కానీ ఆ ఇంజన్లు వేరు, వాటి బేరింగ్ సందులు వేరు, అవి తిరిగే ఆర్‌పీఎం వేరు. అదే నిస్సాన్ జీటీ-ఆర్‌కి ఫ్యాక్టరీలో పోసి పంపేది 0డబ్ల్యూ-40. పవర్ ఎక్కువైతే ఆయిల్ చిక్కగా ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. ఇదంతా తర్వాత చదివి తెలుసుకున్నాను. అప్పుడు మాత్రం ఇంటి దగ్గర గ్యారేజీలో 10డబ్ల్యూ-60 పోయించాను.

మర్నాడు పొద్దున స్టార్ట్ చేయగానే తేడా తెలిసింది. ఒకటిన్నర, రెండు సెకన్లు గరగరమనే శబ్దం, తర్వాతే ఇంజన్ కుదురుకుంది. హైదరాబాద్ మామూలు ఉదయపు వేడిలో 10డబ్ల్యూ-60 ఆయిల్ 5డబ్ల్యూ-40 కంటే దాదాపు రెండింతలు చిక్కగా ఉంటుంది. టైమింగ్ చైన్‌ని బిగుతుగా పట్టి ఉంచే టెన్షనర్, వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే క్యామ్ అడ్జస్టర్లు ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తాయి. వాటి దాకా ఆయిల్ ఆలస్యంగా చేరితే ఆ శబ్దం రాక ఏం చేస్తుంది? ఆయిల్ 90కి చేరడానికి 5డబ్ల్యూ-30తో పదకొండు నిమిషాలు పట్టేది, ఇప్పుడు పదిహేను. ఆఫీసు ప్రయాణంలో దాదాపు సగం దూరం ఇంజన్ అరకొర వేడితోనే నడిచేది. మైలేజీ 12.5కి పడింది.

నేను అస్సలు ఊహించనిది ఇంకోటి ఉంది. ఓఆర్‌ఆర్ మీద అదే 120లో ఆయిల్ టెంపరేచర్ 107కి వెళ్లింది. చల్లగా ఉంచుతుందని పోసిన ఆయిల్ ఎక్కువ వేడెక్కింది. కారణం తెలిశాక సులువుగానే అర్థమైంది. చిక్కటి ఆయిల్‌ని బేరింగుల్లోంచి తొయ్యడానికి ఇంజన్ ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది, ఆ శక్తి ఆయిల్‌లోనే వేడిగా మారుతుంది. 8,000 కిలోమీటర్లు ఓర్చుకుని తీసేయించాను. ఆ నెలల్లో రోజూ పొద్దున కారు తియ్యాలంటే మనసు ఒప్పేది కాదు.

తర్వాత 502 00 అప్రూవల్ ఉన్న మోటుల్ 8100 ఎక్స్-సెస్ 5డబ్ల్యూ-40కి మారాను. ఒకసారి అది దొరక్క మొబిల్ 1 0డబ్ల్యూ-40 పోయించాను, రెండింటి మధ్య నాకు తేడా తెలియలేదు. పొద్దున గరగర పోయింది. ఓఆర్‌ఆర్ మీద 103. మైలేజీ 12.9 నుంచి 13 మధ్య. రెండోసారి, మూడోసారి ట్రాక్‌కి వెళ్లినప్పుడు ఆ టిక్ టిక్ వినపడలేదు. 100 దగ్గర 30 గ్రేడ్ ఎంత చిక్కగా ఉంటుందో, 110 దాటిన 40 గ్రేడ్ దాదాపు అంతే ఉంటుంది. అంటే ఘాట్ రోడ్డు మీద, ట్రాక్ మీద కొంచెం వెసులుబాటు దొరికింది. డిప్‌స్టిక్ ప్రతి వెయ్యి కిలోమీటర్లకి చూస్తాను. 7,500కి 300 మిల్లీలీటర్ల దాకా టాపప్ పడుతుంది.

అయితే గ్రేడ్ కంటే పెద్ద పాఠం నేర్పింది ల్యాబ్ రిపోర్టు. 10,000 కిలోమీటర్లు తిరిగిన ఆయిల్‌ని చిన్న సీసాలో పట్టి పరీక్షకి పంపాను. కొత్తగా ఉన్నప్పుడు 14 సెంటీస్టోక్స్ దగ్గర ఉండాల్సింది 11.9కి పడిపోయింది. 12.5కి కింద అంటే అది ఇక 40 కాదు, 30. ఇనుము పాళ్లు మామూలుగానే ఉన్నాయి, అరుగుదల ఏమీ లేదు. ఆయిల్‌లో పెట్రోల్ కలిసింది. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్‌లో, జేఎన్‌టీయూ దగ్గర ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో, ఇంజన్ పూర్తిగా వేడెక్కకుండానే చాలాసేపు నడుస్తుంటే, కొంత పెట్రోల్ సిలిండర్ గోడల మీదుగా కింద ఆయిల్ నిలిచే సంప్‌లోకి దిగిపోతుంది. వేడెక్కి పూర్తిగా ఆవిరైపోయే అవకాశం దానికి దొరకదు. తర్వాతిసారి 7,500 దగ్గర తీసిన శాంపిల్ 12.9 చూపించింది. అంతే, అప్పటినుంచి 7,500 దాటనివ్వడం లేదు. కంపెనీ షెడ్యూలు 15,000 లేదా ఏడాది అంటుంది. రోజూ హైవే మీదే తిరిగే కారుకి అది సరిపోతుందేమో. నాలాగా ఊళ్లో తిరిగేవాళ్లు మాత్రం ఏ గ్రేడ్ అని నెలల తరబడి వాదించుకోవడం కంటే సగం దూరానికే మార్చుకుంటే ఇంజన్‌కి ఎక్కువ మేలు చేసినవాళ్లవుతారు. ట్రాక్‌కి వెళ్లొచ్చాక మాత్రం లెక్క చూడను, వారం తిరక్కుండా మార్పిస్తాను.

టర్బో పెట్రోల్ కారుకి ఇంకో సంగతి. తక్కువ ఆర్‌పీఎంలో పై గేరులో ఒక్కసారిగా తొక్కితే ఇంధనం స్పార్క్ కంటే ముందే అంటుకునే ప్రమాదం ఉంది, పిస్టన్లు పగిలే దాకా వెళ్లొచ్చు. ఇంజన్‌ని శుభ్రంగా ఉంచడానికి ఆయిల్‌లో కలిపే కాల్షియం డిటర్జెంట్లు ఎక్కువైతే ఆ ప్రమాదం పెరుగుతుంది. 2020లో వచ్చిన ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) వారి ఎస్‌పీ ప్రమాణం దీన్ని కూడా పరీక్షిస్తుంది. అందుకే ఇప్పుడు కొనే డబ్బా మీద 502 00తో పాటు ఎస్‌పీ కూడా ఉందా అని చూస్తాను. ఏ ఆయిల్ పోసినా 1,500 ఆర్‌పీఎంలో ఆరో గేరులో తొక్కను, ప్యాడిల్‌తో కిందకి దింపి లాగిస్తాను.

నా కారు బీఎస్-4ది, దీనికి పొగలోని మసిని పట్టే పెట్రోల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ లేదు. మీ కారుకి అది ఉంటే నేను వాడే 502 00 మాత్రమే ఉన్న ఆయిల్ పొయ్యొద్దు. అందులో కాలినప్పుడు మిగిలే బూడిద ఎక్కువ, ఫిల్టర్ పూడుకుపోతుంది. 504 00 5డబ్ల్యూ-30 తీసుకోండి. మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అని, దాని ఫోక్స్‌వాగన్ అప్రూవల్ 508 00 అని రాసి ఉంటే ఆ ఇంజన్‌ని ఆ పల్చటి ఆయిల్ కోసమే తయారు చేశారు. అక్కడ నా అనుభవం చెల్లదు.

ఈ ఇంజన్‌కి 5.7 లీటర్లు పడుతుంది, అంటే ఐదు లీటర్ల డబ్బా ఒకటి, లీటరు డబ్బా ఒకటి. ఒకసారి తక్కువ ధరకి దొరికిందని తెచ్చిన డబ్బా మూత సీలు వదులుగా ఉంది, బ్యాచ్ నంబరు గోకితే చెరిగిపోయింది. దాన్ని వెనక్కి ఇచ్చేశాను. అప్పటినుంచి బిల్లు ఇచ్చే చోటే కొంటున్నాను, ఆయిల్ పోసేటప్పుడు పక్కనే నిలబడుతున్నాను. ఖాళీ డబ్బాలకి స్క్రూడ్రైవర్‌తో నాలుగు చిల్లులు పొడిచి గానీ గ్యారేజీలో వదలను. మా మెకానిక్ భాయ్ మొదట్లో "ఏంది సార్, మామీద నమ్మకం లేదా" అని నొచ్చుకున్నాడు. "నీ మీద కాదు భాయ్, ఈ డబ్బా నీ దగ్గర్నుంచి ఎక్కడికి పోతుందో దాని మీద" అన్నాను. ఇప్పుడు చిల్లులు ఆయనే పొడుస్తున్నాడు.

పంపుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వస్తోంది. అది ఆయిల్‌లో ఎంత కలుస్తుందో చూడాలని ఈసారి 5,000 దగ్గరే శాంపిల్ తీయిస్తున్నాను. చిక్కదనం 12.5కి దగ్గరగా కనపడితే 7,500ని కూడా తగ్గిస్తాను. గ్రేడ్ మాత్రం మార్చను.