సెమీస్ కాకముందే ఫైనల్‌కి రూము: ఐఎస్‌ఎల్ 2022-23 వెంట నా తిరుగుడు

తప్పు నాదే. ఐఎస్‌ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్, సెమీ ఫైనల్స్ ఇంకా మొదలే కాలేదు, నేను ఫైనల్ కోసం గోవాలోని మడ్‌గావ్‌లో రెండు రాత్రులకి రూము బుక్ చేసేశాను. క్యాన్సిల్ చేస్తే డబ్బులు వెనక్కి రావని కింద రాసే ఉంది. చదివాను కూడా. అంతకుముందు ఏడాది, 2022 మార్చి 20న, అక్కడి ఫతోర్దా స్టేడియంలోనే గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి హైదరాబాద్ ఎఫ్‌సీకి కప్పు తెచ్చిపెట్టాడు. ఆ ధీమా ఇంకా దిగలేదు.

కరోనా వల్ల రెండు సీజన్లు మొత్తం గోవాలోనే జరిగాయి. 2022-23లో మళ్లీ ఎవరి ఊళ్లో వాళ్లు ఆడటం మొదలైంది. ఈసారి నాలుగు ఊళ్లైనా తిరగాలని అక్టోబర్‌లోనే అనుకున్నా.

ముందు మన ఊరి సంగతి. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఆట బాగా కనిపిస్తుంది, కుర్చీలు బాగున్నాయి. చేరడమే కష్టం. మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది, అక్కడి నుంచి ఇంకో ఐదారు కిలోమీటర్లు. ఏడున్నరకి మ్యాచ్ అంటే ఆఫీసులు వదిలే టైము, ఇక ట్రాఫిక్ గురించి చెప్పేదేముంది. నవంబర్ 19న కేరళ బ్లాస్టర్స్ మీద 0-1తో ఓడిన రాత్రి, రాయదుర్గం దాకా ఆటోకి మూడు వందలు ఇచ్చాను. ఆ రోజు నా బ్లాకులో మనవాళ్లకంటే మలయాళీలే ఎక్కువ. సొంతూళ్లో ఉండి పరాయివాళ్లలా కూర్చోవాల్సి వచ్చింది.

ఆ బాకీ తీర్చుకోవడానికి ఫిబ్రవరిలో కొచ్చి వెళ్లాను. సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి ఎర్నాకుళం టౌన్. అక్కడివాళ్లు నార్త్ అంటారు. స్టేషన్ పక్కనే టౌన్ హాల్ మెట్రో, అక్కడి నుంచి రెండో స్టాపు పేరే జేఎల్‌ఎన్ స్టేడియం. ఇంత సులువుగా గ్రౌండుకి చేరడం నాకు అదే మొదటిసారి. కలూరులో లాడ్జి పదకొండు వందలు. ఏసీ లేదు, కానీ దుప్పటి ఉతికిన వాసన వస్తోంది, ఫ్యాను గట్టిగా తిరుగుతోంది. ఫిబ్రవరికే ఆ ఉక్కపోత ఏంటో నాకు అర్థం కాలేదు. కింద హోటల్లో పరోటా, చేపల పులుసు, పైన ఒక సులైమానీ, అంటే పాలు లేని టీ. నూట నలభై అయింది.

ఇక్కడొక తమాషా. కేరళ రంగు పసుపు, అప్పట్లో మన రంగూ పసుపే. 2022 ఫైనల్లో పసుపు మనకి దక్కితే వాళ్లు నల్ల జెర్సీలతో ఆడారు. అలవాటు కొద్దీ నేను మన పసుపు జెర్సీ వేసుకునే వెళ్లా. అంత పసుపులో నన్నెవరూ పట్టించుకోలేదు. ఇరవై తొమ్మిదో నిమిషంలో మన బోర్హా హెర్రెరా గోల్ కొట్టాడు. గ్యాలరీ అంతా చప్పబడిపోయిన ఆ క్షణంలో నేనొక్కడినే లేచి కేక పెట్టాను. పక్కనున్న పెద్దాయన నా ఛాతీ మీది బొమ్మని వంగి చూసి, "హైదరాబాద్?" అన్నాడు. తలూపాను. చేతిలోని వేరుశనగల పొట్లం నా వైపు చాచి, మళ్లీ ఆటలో పడిపోయాడు. 1-0తో గెలిచాం. లీగ్‌లో 42 పాయింట్లతో రెండో స్థానం. ముంబై 46తో పైన.

బెంగళూరులో బసకి ఖర్చు లేదు. మారతహళ్లిలో మా పిన్ని కొడుకు పీజీ ఉంది. ఓనరు మనవాళ్లే, రాత్రి గోంగూర పప్పు పెట్టారు. కంఠీరవకి మెట్రోలో కబ్బన్ పార్క్ దాకా వెళ్లి నడవొచ్చు, ఆ నడక హాయిగా ఉంటుంది. స్టేడియంలో మాత్రం చుట్టూ రన్నింగ్ ట్రాక్, ఆట ఎక్కడో దూరంగా జరుగుతున్నట్టుంటుంది. మార్చి 3న బెంగళూరు, కేరళ ప్లేఆఫ్. ఎక్స్‌ట్రా టైములో కేరళవాళ్లు బంతికి అడ్డంగా గోడలా నిలబడకముందే బెంగళూరు ఛెత్రి ఫ్రీకిక్ తన్నేశాడు. గోల్ ఇచ్చారు. కేరళ కోచ్ వుకొమనోవిచ్ తన ఆటగాళ్లని బయటికి పిలిచేశాడు. మాకేం అర్థం కాలేదు. జనం ఎక్కువై నెట్ కదలట్లేదు. మా తమ్ముడు ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, టీవీలో ఏమంటున్నారు?" అని అడిగాడు. మైదానం పక్కన కూర్చున్న మాకు మా పిన్ని చెప్పాలి సంగతి. కేరళ తిరిగి రాలేదు, బెంగళూరు గెలిచినట్టు ప్రకటించారు.

గచ్చిబౌలిలో మోహన్ బగాన్‌తో సెమీస్ మొదటి మ్యాచ్ 0-0. రెండోది మార్చి 13న కోల్‌కతాలో. ఫలక్‌నుమాలో రోజు పైచిలుకు ప్రయాణం చేసి హౌరాలో దిగి, బస్సులో సియాల్దా చేరేసరికి నడుం పోయింది. సైట్లో చూసి తీసుకున్న లాడ్జి రూముకి కిటికీ ఉందన్నారు. నిజమే, ఉంది. తెరిస్తే వరండా గోడ. నల్లులు సరేసరి. తొమ్మిది వందలకి ఇంకేం వస్తుందని సరిపెట్టుకున్నా. సియాల్దా దగ్గర దిగితే లాభం ఒక్కటే, సాల్ట్ లేక్ స్టేడియం మెట్రోలో రెండో స్టాపు.

మధ్యాహ్నం మట్టి కప్పులో టీ తాగుతుంటే కొట్టు దగ్గరున్న ఒక ముసలాయన ఏ ఊరన్నాడు. చెప్పగానే, "బలరాం ఊరు!" అన్నాడు. సికింద్రాబాద్‌లో పుట్టి ఈస్ట్ బెంగాల్‌కి ఆడిన తులసీదాస్ బలరాం. మన రహీం సాబ్ కోచ్‌గా 1962 ఏషియాడ్‌లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఒకడు. కోల్‌కతా పక్కనే ఉత్తరపారాలో స్థిరపడి, నెల క్రితమే, ఫిబ్రవరి 16న పోయారు. ఆ ముసలాయన ఆయన ఆట గురించి అరగంట చెప్పాడు. మన దగ్గర టీ కొట్లో బలరాం పేరు నేనెప్పుడూ వినలేదు.

సాల్ట్ లేక్ మహా పెద్దది. టికెట్ మీద గేటు నంబరు చూసుకోకపోతే చుట్టూ తిరిగి తిరిగి కాళ్లు పోతాయి. జేబులో చిల్లర ఉంచుకోకండి, గేటు దగ్గర తీసేసుకుంటారు. ఇక్కడా 0-0, పెనాల్టీల్లో 4-3తో వాళ్లు. మన స్ట్రైకర్ ఒగ్బెచె లాంటివాడే గురి తప్పితే ఎవర్ని అనుకుంటాం. మెట్రో దగ్గర జనాన్ని చూసి భయపడి బైపాస్ మీద బస్సు పట్టుకున్నా.

గోవా రూము మాత్రం నా కోసం ఎదురుచూస్తోంది. డబ్బులు ఎలాగూ పోయాయి, మనిషైనా వెళ్దామని హౌరాలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. విజయవాడ, గుంటూరు, నంద్యాల మీదుగా రెండు రాత్రులు. దిగిపోయి ఇంటికెళ్లిపోదామా అని గుంటూరులో ఒకసారి అనిపించింది. ఘాట్‌లో దూధ్‌సాగర్ జలపాతం మార్చిలో సన్నటి గీతలా ఉంది.

చెప్పాలంటే అన్నిట్లోకీ మంచి బస అదే. ఒక పెద్దావిడ ఇల్లు, పైన మూడు గదులు, నడిచి ఫతోర్దా వెళ్లొచ్చు, కొల్వా బీచ్ ఆరు కిలోమీటర్లు. రెండు రాత్రులకి 4,200 అంటే ఫైనల్ వారంలో చవకే. మార్చి 18న మోహన్ బగాన్, బెంగళూరు 2-2, మళ్లీ పెనాల్టీల్లో 4-3తో మోహన్ బగానే. ఆ నాలుగు గోల్స్‌లో మూడు కూడా పెనాల్టీలే. పరాయివాళ్ల ఫైనల్ చూడటంలో టెన్షన్ ఉండదు, నిమ్మకాయ సోడా మీదే ధ్యాస. చిన్న స్టేడియం కదా, ఆటగాళ్ల అరుపులు కూడా వినిపించాయి.

పొద్దున ఖాళీ చేసేటప్పుడు ఆవిడ రిజిస్టర్ తిప్పి చూసింది. "హైదరాబాదా? మీరు బుక్ చేసినప్పుడే అనుకున్నా, మరీ తొందరపడ్డారని" అంది హిందీలో. కాఫీకి డబ్బులివ్వబోతే మాత్రం తీసుకోలేదు.