చీ బైషీ బొమ్మల కోసం బీజింగ్, షియాంగ్‌టాన్: ఏది చూడాలి, ఎక్కడ ఉండాలి

బీజింగ్ వెళ్ళే మనవాళ్ళు గ్రేట్ వాల్, ఫర్బిడెన్ సిటీ చూసుకుని వచ్చేస్తుంటారు, అవి చూడాల్సినవే, కానీ బొమ్మలంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఉంటే చైనా చిత్రకారుడు చీ బైషీ కోసం విడిగా టైమ్ పెట్టుకోండి అని చెప్పడానికే ఇది రాస్తున్నా. ఆయన 1864లో దక్షిణ చైనాలోని హునాన్ రాష్ట్రంలో పేద రైతు ఇంట్లో పుట్టారు, చిన్నప్పుడు తాతగారు పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని బూడిదలో పట్టకారుతో గీసి అక్షరాలు నేర్పారట, మన దగ్గర ఇసుకలో దిద్దించినట్టే. బడి మధ్యలోనే ఆగిపోయింది. వడ్రంగం నేర్చుకుని చెక్క మీద నగిషీలు చెక్కే పనిలో పడ్డారు, ఇరవై ఏళ్ళ వయసులో పనికెళ్ళిన ఇంట్లో ఒక పాత బొమ్మల పాఠాల పుస్తకం కనిపిస్తే అడిగి తెచ్చుకుని, రాత్రిళ్ళు దీపం ముందు కూర్చుని కాపీ చేసుకున్నారు. తర్వాత ఎంత పేరొచ్చినా వడ్రంగి పనిని దాచుకోలేదు, బొమ్మల మీద వేసే ముద్రల్లో ఒకదాని మీద ‘లూ బాన్ శిష్యుడిని’ అని చెక్కుకున్నారు. లూ బాన్ అంటే చైనా వడ్రంగులందరికీ ఆది గురువు.

ఒక్క చోటికే టైమ్ ఉంటే ఇంకేం ఆలోచించకుండా చావోయాంగ్ పార్క్ దక్షిణం రోడ్డులో ఉన్న బీజింగ్ ఫైన్ ఆర్ట్ అకాడమీ మ్యూజియంకి వెళ్ళండి. ఆయన కుటుంబం ఇచ్చినవే అక్కడ 2000కి పైగా ఉన్నాయి, వెలుతురుకి కాగితం పాడవుతుంది కాబట్టి అన్నీ ఒకేసారి పెట్టరు, మార్చి మార్చి పెడతారు, వెళ్ళే ముందు ఏ ఎగ్జిబిషన్ నడుస్తోందో చూసుకోండి, సోమవారం సెలవు. రొయ్యల బొమ్మ దొరికితే అద్దానికి దగ్గరగా నిలబడి చూడండి. ఒంటికి పల్చటి సిరా, ఒక్కో కణుపుకి ఒక్కో బ్రష్ వేటు, తల దగ్గర ఆ తడి ఆరకముందే చిక్కటి సిరాతో ఒకే ఒక్క గీత, అది లోపలికి కొంచెం పాకేసరికి రొయ్య ఒళ్ళు పారదర్శకంగా ఉన్నట్టు అనిపిస్తుంది. నీళ్ళని ఒక్క గీత కూడా గీయలేదు, అయినా ఈదుతూనే ఉంటాయి! బతికున్న రొయ్యల్ని గిన్నెలో వేసి బల్ల మీద పెట్టుకుని ఏళ్ళ తరబడి చూశారు, చూసేకొద్దీ బొమ్మలో కాళ్ళు తగ్గించుకుంటూ వెళ్ళారు, చివరికి ఐదు కాళ్ళ దగ్గర ఆగారు. పురుగుల ఆల్బమ్‌లు కూడా వదలకండి, తూనీగ రెక్కల్లో ఈనెలన్నీ కనిపిస్తాయి, చుట్టూ మాత్రం ఖాళీ కాగితం. కళ్ళు బాగున్నప్పుడే పురుగులు వేసి పెట్టుకుని, ఆకులు పువ్వులు తర్వాత వేద్దాం అని ఉంచినవి, కొన్ని అలాగే ఉండిపోయాయి. నాకైతే ఆ ట్రిప్ మొత్తంలో అక్కడే ఎక్కువసేపు కాళ్ళు కదల్లేదు.

నాన్‌లువోగూషియాంగ్ మెట్రో దగ్గర యూయర్ హుటాంగ్ (హుటాంగ్ అంటే పాత బీజింగ్ సందు) 13వ నంబర్ ఇల్లు ఆయన మెమోరియల్. నడిమి వాకిలి, చుట్టూ గదులు, వాకిట్లో ఆయన విగ్రహం, చక్కగా ఉంటుంది. కానీ ఇది ప్రభుత్వం 1955లో ఇచ్చిన ఇల్లు, ఆయనకి అక్కడ మనసు కుదరక కొన్నాళ్ళకే పాత ఇంటికి వెళ్ళిపోయారు. ఆ పాత ఇల్లు షిదాన్ వైపు కువాచే హుటాంగ్‌లో ఉంది, 1926లో కొనుక్కుని ముప్పై ఏళ్ళు బతికిన అసలు ఇల్లు, ఇప్పుడు చుట్టూ ఆఫీసు టవర్లు, లోపలికి రానివ్వరు. అయినా నేను బయట నుంచైనా చూడమంటాను, ఎందుకంటే జపాన్ సైన్యం బీజింగ్‌ని ఆక్రమించుకున్న రోజుల్లో ‘అధికారులకి బొమ్మలు అమ్మను’ అని నోటీసు అంటించింది ఆ తలుపు మీదే, 1940లో, అప్పటికి ఆయనకి డెబ్బై ఆరేళ్ళు. ఆ గోడ ముందు నిలబడి ఆ సంగతి తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది.

ఇంకో సంగతి, యాభై దాటాక బీజింగ్‌లో స్థిరపడితే మొదట్లో ఆయన బొమ్మలు ఎవరూ పెద్దగా కొనలేదు. చెన్ షిజెంగ్ అనే చిత్రకారుడు స్టైల్ మార్చుకోమని పట్టుబట్టాడు, అప్పుడు మొదలైంది ఆ ఎర్ర పువ్వులు, నల్ల సిరా ఆకులు. 1922లో చెన్ ఆ బొమ్మలు టోక్యో తీసుకెళ్తే మంచి రేట్లకి అమ్ముడుపోయాయి, ఆ తర్వాతే బీజింగ్ ఆయన్ని పట్టించుకుంది. 1925లో వేసిన పన్నెండు కొండల బొమ్మల సెట్ 2017 వేలంలో 93 కోట్ల యువాన్లు పలికింది.

షాపింగ్‌కి లియూలిచాంగ్ వీధి. అక్కడ రోంగ్‌బావోజాయ్ అనే షాపులో చెక్క అచ్చులతో తీసిన కాపీలు కొనుక్కోవచ్చు, సిరా ఛాయలు కూడా అచ్చులోనే తెస్తారు, వీధిలో ‘ఒరిజినల్’ అని చూపించేవాటి జోలికి పోకండి, ఆయన పేరుతో నకిలీలు లెక్కలేనన్ని.

బస విషయానికొస్తే, మొదట హుటాంగ్ లోపల ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో దిగాం, వాకిలి బాగుంది, మనుషులు మంచివాళ్ళు, కానీ గది ఇరుకు, కారు గుమ్మం దాకా రాదు, పెట్టెలు సందులో లాక్కుంటూ వెళ్ళాలి, అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళకి వద్దు. తర్వాత మెట్రో పక్కన మామూలు బిజినెస్ హోటల్‌కి మారాం, అదే సుఖం. బుక్ చేసే ముందు ఫారినర్స్‌ని తీసుకుంటారా అని మెసేజ్ పెట్టి కనుక్కోండి. అలీపే అనే చైనా పేమెంట్ యాప్‌లో మన వీసా కార్డ్ లింక్ అవుతుంది, ఒక్కో పేమెంట్ 200 యువాన్లు దాటితే 3 శాతం ఫీజు. గూగుల్ పనిచేయదు కాబట్టి రోమింగ్ ఈసిమ్, దారి చూపించే ఆమ్యాప్ అనే చైనా మ్యాప్ యాప్ ముందే పెట్టుకోండి, పాస్‌పోర్ట్ ఎప్పుడూ చేతిలోనే ఉండాలి.

షియాంగ్‌టాన్ ఆయన సొంత జిల్లా. బీజింగ్ వెస్ట్ స్టేషన్ నుంచి హునాన్ రాజధాని చాంగ్షాకి హైస్పీడ్ రైల్లో ఆరు గంటలు అటూ ఇటూ, అక్కడి నుంచి దగ్గరే. ఊళ్ళో మెమోరియల్ హాల్ ఉంది, పుట్టిన ఇల్లు మాత్రం దూరంగా పల్లెలో చెరువు ముందు, కారు మాట్లాడుకోవాల్సిందే. హోటల్లో ఫారినర్స్ రావడం అరుదనుకుంటా, పాస్‌పోర్ట్ రిజిస్టర్ చేయడానికే చాలాసేపు కూర్చోబెట్టారు, ఇంగ్లీష్ అసలు లేదు, ఫోన్లో ట్రాన్స్‌లేటరే దిక్కు. తిండికి మాత్రం మనకి దిగుల్లేదు, చేప తల మీద ఎర్ర మిరపకాయ ముక్కలు పరిచి ఆవిరి మీద ఉడికిస్తారు, కారం బాగా తగులుతుంది, అన్నంలోకి అద్భుతం. శాకాహారులు ‘మాంసం, గుడ్డు వద్దు’ అని చైనీస్‌లో రాయించుకుని ఉంచుకోండి. ఇంత ప్రయాణానికి టైమ్ లేకపోతే షియాంగ్‌టాన్ వదిలేసి, అకాడమీ మ్యూజియంకే ఇంకోసారి వెళ్ళండి, రొయ్యల దగ్గరికి.