నెల్లూరు ఎగ్జిబిషన్‌లో డార్క్ మ్యాటర్ షో: వీడియోకి రెండు స్టార్లు, కుర్రాడికి ఐదు

వీఆర్సీ గ్రౌండ్ ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ పక్కన గాలి కొట్టిన నల్ల గుడారం పెట్టారు, లోపల పడుకుని పైకి చూసే ప్లానెటోరియం షో, టికెట్ వంద. బోర్డు మీద ‘డార్క్ మ్యాటర్ రహస్యం’ అని చూసి దెయ్యాల షో అనుకుని దూరినవాళ్లు కూడా ఉన్నారు.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తా. ఏసీ పేరుకే. గాలి కొట్టే మోటారు మోతకి వీడియోలో సగం మాటలు వినపడవు, వినపడిన సగం పాఠం అప్పజెప్పినట్టుంది. విశ్వంలోని పదార్థంలో 85 శాతం దాకా కంటికి కనపడని డార్క్ మ్యాటరేనని చెప్పి వెళ్లిపోతుంది, ఆ సంగతి ఎట్టా తెలిసిందో చెప్పదు.

ఓ పిల్ల అదే అడిగింది, “కనపడనిది ఉందని ఎట్టా చెప్తారన్నా?” అని. ఆపరేటర్ కుర్రాడు వీడియో ఆపేసి లేజర్ లైటు పట్టుకున్నాడు చూడండీ, అక్కడ మొదలైంది అసలు షో. బుధుడు సెకనుకి 47 కిలోమీటర్లు పరిగెడితే దూరాన ఉన్న నెప్ట్యూన్ ఐదున్నర దాటదు, సూర్యుడి లాగుడు అంతదూరం పోయేసరికి తగ్గిపోతుంది కాబట్టి. అట్టాగే గెలాక్సీ అంచున నక్షత్రాలు కూడా నెమ్మదించాలి కదా? వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ అనే శాస్త్రవేత్తలు మన పక్క గెలాక్సీ ఆండ్రోమెడాని కొలిచి 1970లో లెక్కలు బయటపెడితే అంచుల్లో కూడా వేగం పెద్దగా తగ్గలేదు! కనపడే నక్షత్రాల బరువొక్కటే అయితే అది కుదరదు, కనపడని బరువేదో ఉండి లాగుతుండాలి.

వెతకడం గురించి ఇంకా బాగా చెప్పాడు. అమెరికాలో సౌత్ డకోటాలో పాత బంగారు గనిలో, కిలోమీటరున్నర లోతున, జీనాన్ అనే వాయువుని చల్లబరిచి ద్రవం చేసి, అది 10 టన్నులు పెట్టుకుని కూర్చున్నారు శాస్త్రవేత్తలు, డార్క్ మ్యాటర్ కణం ఏదైనా వచ్చి తగిలితే చిన్న మెరుపు వస్తుందని. నేల మీదైతే అంతరిక్షం నుంచి కురిసే కాస్మిక్ కిరణాల గోలలో అది తెలీదు, రొట్టెల పండగ రద్దీలో గుసగుస వినాలనుకున్నట్టే.

“మరి దొరికిందా?”

“ల్యా. 2024లో 280 రోజుల డేటా చూసి చెప్పారు, అప్పుడు కూడా ల్యా.”

అయినా ఆ కష్టం ఊరికే పోలేదంట, ఫలానా బరువుండి ఫలానా గట్టిగా తగిలే కణాలైతే కావని చాలా వాటిని కొట్టేశారంట. దొరకలేదని దాచకుండా చెప్పినందుకే వాడికి ఐదు. వీడియో మాత్రం రేపో మాపో దొరికేస్తుందన్నట్టు మ్యూజిక్ కొట్టి ముగించింది. మన జార్ఖండ్‌లో జాదుగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున ఇదే పనికి ల్యాబ్ పెడితే దాని ఊసే లేదు.

రాత్రి షోకి పొండి, ఉక్క తగ్గుతుంది. మోటారుకి దూరంగా పడుకోండి. చంటిపిల్లలైతే వద్దు, ఆ చీకటికి ఏడుస్తారు.