ఆదిలాబాద్ చలిలో 28 లీటర్ల ఓటీజీ: రెండు చలికాలాలు వాడాక

మా ఇంట్లో ఈ ఓటీజీకి, అంటే కేకులు కాల్చే చిన్న కరెంటు ఓవెన్‌కి, ఇది రెండో చలికాలం. కొన్న నెలకే రాసి ఉంటే ఎవరూ కొనొద్దని రాసేదాన్ని. ఇప్పుడు మా ఆడబిడ్డ కొనుక్కుంటానంటే నేనే దగ్గరుండి కొనిపించాను. మధ్యలో ఏం మారిందో చెప్తాను.

ముందు వస్తువు సంగతి. 28 లీటర్లు, 1500 వాట్లు, పైన రెండు, కింద రెండు రాడ్లు, లోపలొక చిన్న బల్బు, గాలి తిప్పే ఫ్యాను. నేను కొన్నప్పుడు ధర 7 వేలకు కాస్త తక్కువ. ప్లగ్గు మాత్రం పెద్దది, 16 ఆంపియర్లది. మా వంటింట్లో మిక్సీ పెట్టే సాకెట్‌లో అది పట్టలేదు. మనిషిని పిలిచి వేరే పాయింట్ వేయించేదాకా నాలుగు రోజులు అట్టపెట్టెలోనే ఉంది. మీ గోడకు ఆ పాయింట్ ఉందో లేదో కొనేముందే చూసుకోండి.

మొదటి కేకు పైన నల్లగా మాడింది, లోపల పచ్చిగా ఉంది. రెండోదీ అంతే. తప్పు నా చేతిదే అనుకుని పిండి కొలతలు మార్చాను, గుడ్లు మార్చాను, గిన్నె మార్చాను. మూడోది కూడా మాడాక కంపెనీ వాళ్లకు ఫోన్ చేస్తే, "మేడమ్, పుస్తకంలో చూసి చేయండి" అని పెట్టేశారు. ఆ పుస్తకం నేను అప్పటికే రెండుసార్లు చదివాను. చివరికి మా అబ్బాయి ఓవెన్‌లో పెట్టే చిన్న థర్మామీటర్ ఒకటి తెప్పించాడు. నాలుగు వందలో ఎంతో. దాన్ని లోపల జాలీ మీద పెట్టి, బటన్ 180 దగ్గర ఉంచి, పావుగంట తర్వాత అద్దంలోంచి చూస్తే ముల్లు 205 మీద ఉంది. మూడు కేకులు ఎందుకు పోయాయో అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు 180 కావాలంటే బటన్‌ను 160 దగ్గర పెడతాను. ఇంకో సంగతి, వేడెక్కిందని లైటు ఆరిపోగానే లోపల పెట్టేయకూడదు. గాలి వేడెక్కుతుంది కానీ గోడలు, ట్రే అప్పటికింకా వేడెక్కవు. ఇంకో పది నిమిషాలు ఆగాలి. ఈ రెండూ తెలిశాక ఒక్క కేకు కూడా పాడుకాలేదు. బటన్ మీద అంకెకూ లోపలి వేడికీ ఇరవై అయిదు డిగ్రీలు తేడా ఉండటం మాత్రం ఆ ధరకు న్యాయం కాదు. దానికి నేను మార్కులు తగ్గిస్తాను.

అసలు దీన్ని కొన్నది నానుకటాయి బిస్కెట్ల కోసం. నా చిన్నప్పుడు దసరా సెలవులైపోయి చలి మొదలవగానే మా అమ్మ మైదా, చక్కెర, డాల్డా సంచిలో పెట్టిచ్చి నన్నూ అన్ననూ బేకరీకి పంపేది. కిలోకి ఇంత అని తీసుకుని వాళ్లే కాల్చి ఇచ్చేవాళ్లు. మా వంతు వచ్చేదాకా భట్టీ గోడకు వీపు ఆనించి కూర్చునేవాళ్లం. తిరిగొచ్చేటప్పుడు డబ్బా వెచ్చగా ఉండేది. మధ్యలో మూత తీయొద్దని అమ్మ చెప్పినా, తీసేవాళ్లం.

ఇంట్లో చేస్తే తెలిసింది, నానుకటాయికి చలికాలమే అదును. మా దగ్గర డిసెంబర్‌లో తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకు పడిపోతుంది, సీసాలో నెయ్యి పూసకట్టి గట్టిపడుతుంది. అలా పేరుకున్న నెయ్యి వంద గ్రాములు, పొడి చేసిన చక్కెర ఎనభై గ్రాములు వేసి, తెల్లగా నురగలా అయ్యేదాకా చేత్తో గిలకొట్టాలి. చెయ్యి గుంజుతుంది, కానీ నానుకటాయి గుల్లగా రావడం అంతా ఇక్కడే ఉంది. తర్వాత మైదా 130 గ్రాములు, శనగపిండి 40, బొంబాయి రవ్వ రెండు చెంచాలు, చిటికెడు బేకింగ్ పౌడర్, యాలకుల పొడి. పిసకొద్దు, దగ్గరికి చేర్చితే చాలు. నిమ్మకాయంత ఉండలు చేసి, కాస్త అదిమి, నిజంగా 165 ఉన్నప్పుడు ఇరవై నిమిషాలు. తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, ఉడకలేదని మళ్లీ లోపల పెట్టకండి. ఆరాక గట్టిపడి నోట్లో పెట్టుకుంటే విరిగిపోతాయి. ఇవే మే నెలలో చేశాను ఒకసారి. నెయ్యి నూనెలా కారి, ఉండలన్నీ ట్రేలో పాకి ఒకదానికొకటి అంటుకుని రొట్టెలా అయ్యాయి.

ఒక ట్రేలో పన్నెండు పడతాయి. నలుగురున్న ఇంటికి ఈ సైజు సరిపోతుంది. ఎనిమిది అంగుళాల గుండ్రటి గిన్నె హాయిగా పడుతుంది, అంతకు మించితే గోడలకు తగులుతుంది.

కేకుల్లో మా ఇంట్లో అందరికీ ఇష్టమైంది సంత్రా కేకు. నాగ్‌పూర్ మాకు దగ్గర, నవంబర్ వచ్చిందంటే సంత్రాలు బుట్టలకొద్దీ మా మార్కెట్‌కి దిగుతాయి. వాటి తొక్క వదులుగా ఉంటుంది, ఒలిచాక తురమడం కుదరదు. ఒలవకముందే కాయను కాయలాగే పట్టుకుని పైపైన నారింజరంగు మాత్రం తురుముకోవాలి, తెల్లది తగిలితే చేదు. మూడు కాయల తురుము పిండిలో పడి కేకు సగం ఉడికేసరికి వీధి గేటు దాకా వాసన వస్తుంది. పోయినేడు కిస్‌మిస్‌కు బదులు ఎండబెట్టిన ఇప్పపువ్వు నానబెట్టి వేశాను. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూ తిన్నాక వచ్చిన ఆలోచన అది. ఖర్జూరంలాంటి తీపి, వెనక కొంచెం అడవి వాసన. మా ఆయనకు నచ్చలేదు, నాకూ అబ్బాయికీ చాలా నచ్చింది. ఈ సంవత్సరం కూడా చేస్తాను.

బ్రెడ్ గురించి తొందరపడకండి. చలికి ఈస్ట్ పిండి గంటలో పొంగాల్సింది మూడు గంటలైనా కదలదు. నేను స్విచ్ వేయకుండా ఓవెన్ లోపల కింద ఒక గిన్నెడు వేడినీళ్లు, పైన పిండి గిన్నె పెట్టి తలుపు మూస్తాను. గంటన్నరలో రెండింతలవుతుంది. ముందే వేడిచేసిన ఓవెన్‌లో మాత్రం పెట్టొద్దు, ఎక్కువ వేడికి ఈస్ట్ చచ్చిపోతుంది. గోధుమపిండితో అయితే నీళ్లు మైదా కన్నా ఎక్కువ తాగుతుంది, రొట్టె కాస్త బరువుగానే వస్తుంది.

దీనితో కానిది కూడా చెప్పాలి. సంక్రాంతికి నూనె తగ్గిద్దామని సకినాలు ఇందులో కాల్చాను. కొత్తబియ్యం పిండి, నువ్వులు, వాము, అన్నీ అత్తమ్మ చెప్పినట్టే కలిపి, ఆవిడ చేతులతో చుట్టి ఇచ్చిన సకినాలు. రాళ్లలా అయ్యాయి. ఎనభై రెండేళ్ల మనిషి నడుం వంచి చుట్టినవి అలా అయినందుకు నాకు చాలా బాధనిపించింది. ఆవిడే, "పోనీ తియ్యి బిడ్డా, సకినానికి నూనెనే ఉండాలె" అని మళ్లీ చుట్టడానికి కూర్చుంది. అట్లాంటి ప్రయోగం మీరు చేయకండి.

కందగడ్డలు (చిలగడదుంపలు) మాత్రం తప్పకుండా చేయండి. తొక్కతోనే కడిగి, తుడిచి, 200లో ముప్పావుగంట. తొక్క ముడతపడి పగుళ్లలోంచి పాకం బొట్లు బొట్లుగా కారుతుంది. కట్టెల పొయ్యి బూడిదలో కాల్చిన రుచి పూర్తిగా రాదు, దాదాపు వస్తుంది.

దీని ఒళ్లు పల్చని రేకు. వేడిని పట్టి ఉంచదు, బయటికి వదిలేస్తుంది. పక్కలు ముట్టుకుంటే కాలుతుంది, గోడకు జానెడు దూరం ఉంచాలి, చిన్నపిల్లలున్న ఇల్లయితే ఎత్తున పెట్టాలి. వేసవిలో వంటింట్లో నిలబడలేం, ఏప్రిల్ నుంచి నేను దీనికి గుడ్డ కప్పేస్తాను. కానీ పుష్యమాసంలో పూసగుచ్చ పొద్దుండదంటారు కదా, ఆరింటికే చీకటిపడి చలి మొదలయ్యే రోజుల్లో ఆ వదిలేసే వేడే మాకు కావాల్సి వస్తోంది. నేను ఓవెన్ వేయగానే అత్తమ్మ కుర్చీ తెచ్చుకుని వంటింటి గుమ్మంలో కూర్చుంటుంది. "మా అమ్మగారింట్ల కుంపటి గిట్లనే ఉండె" అంటూ ఆ రోజుల సంగతులు మొదలుపెడుతుంది. ముప్పై ఏళ్లుగా ఆవిడతో ఉంటున్నాను, వాళ్ల నాన్న కుంపటి ముందు కూర్చోబెట్టి ఆవిడకు ఎక్కాలు నేర్పాడని పోయిన డిసెంబర్‌లోనే తెలిసింది. పల్లీలు ఒక ట్రేలో వేసి పెడితే ఒలుచుకుంటూ ఎనిమిదింటి దాకా అక్కడే ఉంటుంది.

కరెంటు గురించి చాలామంది అడుగుతున్నారు. మీటర్ చూసి చెప్తున్నాను, వేడెక్కించడంతో కలిపి ఒక కేకుకు ఒక యూనిట్ లోపే. చికెన్ తిప్పే ఊచ ఇచ్చారు, అది ఇంతవరకు బయటికి తీయలేదు. అడుగున పొడి రాలే ట్రే ప్రతిసారీ తుడవండి, లేకపోతే మరుసటిసారి ఆ మాడు వాసన కేకుకు పడుతుంది.

అయిదుకు నాలుగు ఇస్తున్నాను. ఆ బటన్ సరిగ్గా ఉండి ఉంటే అయిదూ ఇచ్చేదాన్ని.

ఇంకొకటి, ఏ పుస్తకంలోనూ రాయనిది. చలికాలం పాలు తోడుకోవు, పొద్దున్నే గిన్నెలో నీళ్లపాలే. స్విచ్ ఆపాక, చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలేటప్పుడు, తోడేసిన గిన్నె లోపల పెట్టి తలుపు మూసి పడుకుంటాను. తెల్లారేసరికి చెంచా నిలబడే గడ్డపెరుగు. అత్తమ్మ పొద్దున లేచి ముందు ఆ తలుపే తీస్తుంది.