స్ట్రింగ్ ఆర్ట్ పోర్ట్రెయిట్: గుండ్రటి ఫ్రేమా, గీత వెంట మేకులా?

మేకుల మధ్య దారం లాగి బొమ్మ తేల్చడమే స్ట్రింగ్ ఆర్ట్. దీనికి రెండు పద్ధతులు. మొదటిది, గుండ్రటి ఫ్రేము, 2016లో గ్రీకు కళాకారుడు పెట్రోస్ వ్రెల్లిస్ చూపించినది. గుండ్రంగా 200 మేకులు, ఒకటే నల్లదారం, ఏ మేకు నుంచి ఏ మేకుకో కంప్యూటర్ ఇచ్చే నంబర్ల పట్టీ. రెండోది, గీసుకున్న బొమ్మ అంచు వెంట మేకులు కొట్టి దారం చుట్టేయడం.

ఖర్చు: పెద్ద తేడా లేదు. ప్లైవుడ్, సన్న మేకులు, టైలరింగ్ దారం తిరుపతిలో ఎక్కడైనా దొరికేవే.

శ్రమ: మొదటిదానికి మూడు నాలుగు వేల గీతలు లాగాలి, ఓపిక ఉండాల్సిందే. రెండోది ఆదివారం కూర్చుంటే అయిపోతుంది.

రిస్క్: మొదటిదాంట్లో నంబర్ల వరుస తప్పి గమనించకుండా సాగిపోతే ముఖం తేలదు, దారం కాస్త వదులైనా మేకు మీంచి జారిపోతుంది, అందుకే ప్రతి ఐదో మేకు పక్కన పెన్సిల్‌తో నంబరు వేసుకుని దారాన్ని ఒకే బిగువుతో లాగండి. రెండోదాంట్లో తప్పు విప్పుకోవచ్చు.

పూజగదికి శ్రీవారి నామం, శంఖుచక్రాలు కావాలంటే రెండోదే. తాతగారి ముఖమే రావాలంటే, వెలుగునీడలు స్పష్టంగా ఉన్న క్లోజప్ ఫోటో చేతిలో ఉంటేనే మొదటిది.