మొదటి పాత అవుట్‌బోర్డ్ మోటార్: జాన్సన్-ఎవిన్‌రూడ్, సీగల్, మెర్క్యురీల్లో ఏది మేలు?

పాత అవుట్‌బోర్డ్ మోటార్ ఒకటి బాగుచేసుకుని పడవకి తగిలించి నడపాలని మనసుపడ్డవాళ్లు మొదట అడిగేది "ఏది కొనమంటారు?" అని. అడిగేసరికే చాలామంది ఒకటి చూసి పెట్టుకుని ఉంటారు, రంగు నచ్చిందనో, చిన్నప్పుడు ఎవరి పడవకో అలాంటిది చూశామనో. తప్పేం లేదు, నేనూ అలాగే మొదలుపెట్టాను. కానీ మోటార్ అందం చూసే ముందు రెండు సంగతులు కనుక్కోండి: దాని ఫ్లైవీల్ (ఇంజిన్ పైన తిరిగే బరువైన చక్రం) కింద ఉండి స్పార్క్ పుట్టించే కాయిల్స్, పాయింట్స్ (తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే కరెంటు కొనలు), కండెన్సర్లు ఇవాళ కొత్తవి దొరుకుతాయా? నీటి పంపులో ఇంపెల్లర్, అంటే నీళ్లని తోసే రెక్కల చక్రం, దొరుకుతుందా? ఈ రెండింటికీ అవునని జవాబొస్తే మిగతా పని ఓపికతో అయిపోతుంది. కాదంటే మీకు ఎంత పనితనం ఉన్నా మోటార్ బల్ల మీదే ఉంటుంది.

ఎక్కువగా చేతికొచ్చేవి మూడు రకాలు. 1950లు, 60ల నాటి చిన్న జాన్సన్, ఎవిన్‌రూడ్ ట్విన్ సిలిండర్ మోటార్లు, ఇంగ్లండ్‌లో తయారైన బ్రిటిష్ సీగల్, కంపెనీ పెట్టిన కీక్‌హేఫర్ కాలం నాటి మెర్క్యురీ. మూడూ టూ స్ట్రోకే, మూడింటికీ పెట్రోల్లో ఆయిల్ కలపాల్సిందే, అయినా బాగుచేసేటప్పుడు మాత్రం ఒకదానికి ఇంకోదానికి పోలికే ఉండదు.

జాన్సన్, ఎవిన్‌రూడ్ అని విడివిడిగా చెబుతాం గానీ ఆ రెండూ 1936 నుంచి ఒకే కంపెనీ. పైన మూత వేరు, స్టిక్కర్ వేరు, లోపల చాలా భాగాలు ఒకటే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇది పెద్ద వరం. వీళ్ల చిన్న ట్విన్ మోటార్లలో 1950ల మొదట్నుంచి దాదాపు పాతికేళ్లపాటు ఒకే రకం మాగ్నెటో (బ్యాటరీ లేకుండా స్పార్క్ పుట్టించే ఏర్పాటు) వాడారు, 3 హార్స్‌పవర్ నుంచి 40 దాకా చాలా మోడళ్లకి ఒకే కాయిల్, పార్ట్ నంబర్ 584477. అంత విరివిగా వాడినందుకే కంపెనీ 2000 డిసెంబర్‌లో దివాలా తీసినా ఆ కాయిల్స్‌ని బయటివాళ్లు ఇప్పటికీ తయారుచేస్తున్నారు.

కాయిల్ గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మోటార్లలో స్పార్క్ రాకపోతే నూటికి తొంభై సార్లు నాకు కనపడిన కారణం అదే. ఫ్లైవీల్ నట్టు విప్పి, ఫ్లైవీల్ మధ్యలో ఉన్న మూడు మరల రంధ్రాల్లోకి బోల్టులు బిగించే రకం పుల్లర్‌తోనే దాన్ని పైకి లాగండి, అంచులు పట్టి లాగే పుల్లర్ వాడితే ఫ్లైవీల్ వంకరపోతుంది. అది లేచాక కింద రెండు కాయిల్స్ కనపడతాయి. పాతవైతే వాటి మీది ప్లాస్టిక్ పొర ఎండాకాలం చెరువు అడుగులా నెర్రెలిచ్చి ఉంటుంది, వేలు పెడితే పెచ్చు ఊడొస్తుంది. ఆ నెర్రెల్లోంచి కరెంటు ప్లగ్ దాకా వెళ్లకుండా మధ్యలోనే లోహంలోకి దిగిపోతుంది. టెస్టర్ పెట్టి కొలవాల్సిన పని కూడా లేదు, పగిలిందంటే మార్చెయ్యడమే, రెండూ ఒకేసారి మార్చండి. కొత్తవి బిగించేటప్పుడు కాయిల్ ఇనుప కాళ్ల అంచు, ప్లేటు మీద చెక్కిన దిమ్మెల అంచు ఒకే వరసలో ఉండాలి, గోరు అడ్డంగా పెట్టి లాగితే ఎక్కడా తగలకూడదు. బయటికి జరిగితే ఫ్లైవీల్ మాగ్నెట్లు రాసుకుంటాయి, లోపలికి జరిగితే స్పార్క్ బలహీనంగా వస్తుంది.

పాయింట్స్ గ్యాప్ 0.020 అంగుళం, అంటే అర మిల్లీమీటర్. కొత్త పాయింట్స్ వేశాక కూడా స్పార్క్ లేదని కంగారుపడేవాళ్లని చాలామందిని చూశాను. కొత్త వాటి మీద తుప్పు పట్టకుండా సన్నటి పొర ఒకటి ఉంటుంది, తెల్లటి అట్టముక్కని ద్రావకంలో ముంచి పాయింట్స్ మధ్య పెట్టి రెండుసార్లు లాగితే చాలు, అట్ట మీద మరక దిగుతుంది, స్పార్క్ వస్తుంది.

ఈ మోటార్ల ఇంకో సుఖం, సిలిండర్ హెడ్ విప్పొచ్చు. పిస్టన్ పట్టేసి ఉంటే హెడ్ తీసి, సిలిండర్లో నూనె పోసి రెండు మూడు రోజులు నాననిచ్చి, చెక్కముక్క పెట్టి మెల్లగా తట్టి కదిలించొచ్చు. 5.5 హార్స్‌పవర్ మోటార్ సుమారు 145 సీసీ, ఒక మనిషి ఎత్తుకుని నడవగలడు, గేర్ ఉంటుంది, న్యూట్రల్ ఉంటుంది, సరిగా ఉంటే కబుర్లు చెప్పుకునేంత మెత్తగా నడుస్తుంది. లోపం చెప్పాలంటే గేర్‌కేస్ (ప్రొపెల్లర్ దగ్గరి గేర్ల పెట్టె) సీళ్లు. అడుగు స్క్రూ తీసినప్పుడు ఆయిల్ బదులు పాలలాంటిది కారితే లోపలికి నీళ్లు చేరినట్టే. మరీ భయపడకండి, సీళ్లు దొరుకుతాయి.

సీగల్ సంగతి పూర్తిగా వేరు. ఒక్క సిలిండర్, ఒక ఫ్లైవీల్, ఒక ట్యాంకు, పొడవాటి గొట్టం, చివర ప్రొపెల్లర్. లెక్కపెట్టగలిగినన్ని భాగాలే ఉంటాయి కాబట్టి ఇంజిన్ ఎలా పనిచేస్తుందో నేర్చుకోవాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి గురువు దొరకదు. వీటి తొలి తరం 1931లో వుల్వర్‌హాంప్టన్‌లో జాన్ మార్స్‌టన్ కంపెనీలో పుట్టింది, ఆ తర్వాత తయారీ పూల్ పట్టణానికి మారి 1990ల దాకా సాగింది. అంతకాలం మోటార్ రూపం పెద్దగా మారలేదు, అందుకే విడిభాగాలకి కరువు లేదు. నీటి పంపు కూడా గోడని రాసుకుంటూ తిరిగే రబ్బరు రెక్కలది కాదు, నీళ్లలో మునిగి ఉండి విసిరి పంపే రకం, ఏళ్ల తరబడి మూలపడి ఉన్నా రబ్బరు ఎండిపోయిందన్న బాధ లేదు.

మరి సీగల్నే ఎందుకు కొనమనట్లేదంటే, బాగుచేయడం ఎంత తేలికో నడపడం అంత తేలిక కాదు. చాలా మోడళ్లలో తాడు ఫ్లైవీల్ చుట్టూ ప్రతిసారీ చేత్తో చుట్టి లాగాలి, స్టార్ట్ అయ్యాక ఆ ఫ్లైవీల్ మూత లేకుండా మీ మోచేతి పక్కనే తిరుగుతూ ఉంటుంది. క్లచ్ లేని మోడల్ అయితే ఇంజిన్ అందుకున్న క్షణంలోనే పడవ కదిలిపోతుంది, కాబట్టి తాడు లాగే ముందే పడవ ముక్కు ఖాళీ నీళ్ల వైపు తిప్పి పెట్టుకోవాలి, పడవలో ఉన్నవాళ్లని కూర్చోమనాలి. రివర్స్ ఉండదు. ఆయిల్ కూడా ఎక్కువ తాగుతుంది, పాత మోడళ్లకి 10:1, అంటే 5 లీటర్ల పెట్రోలుకి అర లీటర్ ఆయిల్, తర్వాతి కాలం వాటికి 25:1. ఆ 10:1 మోటార్ వెనక నీళ్ల మీద రంగురంగుల తెట్టు తేలుతుంది, అది చూస్తే నాకు బాధగానే ఉంటుంది. కొన్ని జలాశయాల్లో పాత టూ స్ట్రోక్‌లకి అసలు అనుమతే ఉండదు, ముందే కనుక్కోండి. గేర్‌బాక్సు ఆయిల్లో నీళ్లు కలవడం మాత్రం సీగల్‌కి జబ్బు కాదు, అది అలా తయారైందే, చిక్కటి గేర్ ఆయిల్ పోసి అప్పుడప్పుడు చూసుకుంటూ ఉంటే ఏళ్ల తరబడి నడుస్తుంది.

బరువైన, నెమ్మదైన పడవ అయితే నా మాట మారుతుంది. సెంచురీ రకం సీగల్‌కి ఉండే ఐదు రెక్కల ప్రొపెల్లర్ నిదానంగా తిరుగుతూ బరువుని తోసుకుపోతుంది. తెరచాప పడవకి దాన్ని మించిన పాత మోటార్ నేను వాడలేదు. తేలికపాటి చేపల పడవకి మాత్రం ఉసూరుమనిపిస్తుంది.

ఇక మెర్క్యురీ. నిజం చెప్పాలంటే మూడింటిలో నాకు ప్రాణం ఇదే. కార్ల్ కీక్‌హేఫర్ 1939లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని సీడర్‌బర్గ్‌లో ఒక దివాలా కర్మాగారం కొన్నాడు, అక్కడ కొనుగోలుదారు వద్దన్న లోపాల మోటార్లు పడి ఉంటే వాటిని బాగుచేసి అమ్మడంతోనే కంపెనీ నిలదొక్కుకుంది. పాత మోటార్లు బాగుచేసే మనబోటివాళ్లకి ఆ కథ ఎప్పుడు విన్నా ఉత్సాహమే. ఇంజనీరింగ్ కూడా అలాంటిదే, మిగతావాళ్లు సాదా బుష్‌లతో నడిపిస్తున్న రోజుల్లోనే ఇతను బాల్, రోలర్, నీడిల్ బేరింగులు వేశాడు. మార్క్ 20, మార్క్ 25 లాంటివి అంత చిన్న ఒంటితో అంత వేగంగా తిరిగే తీరు చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. ఆరు సిలిండర్ల మార్క్ 75కి అయితే రివర్స్ గేరే లేదు, ఇంజిన్ ఆపి వెనక్కి తిరిగేలా మళ్లీ స్టార్ట్ చేస్తే పడవ వెనక్కి పోతుంది.

అయినా మొదటి మోటార్‌గా వద్దంటాను. వీటిలో సిలిండర్, హెడ్ ఒకే పోత. పిస్టన్ పట్టేస్తే పైనుంచి తీసి చూసే దారి లేదు, మొత్తం ఇంజిన్ దించి క్రాంక్‌కేస్ రెండుగా విప్పాల్సిందే, అప్పుడా చిన్న చిన్న నీడిల్ రోలర్లు ఒక్కటి జారి పోయినా వెతుక్కుంటూ కూర్చోవాలి. ప్రత్యేకమైన పనిముట్లు కావాలి. కింది గేర్ భాగాలు పాత మోటార్ల నుంచి పీకినవి తప్ప దొరకడం కష్టం. రెండు జాన్సన్‌లు విప్పి బిగించిన చేత్తో దీన్ని పట్టుకుంటే ఆనందం, ఏమీ తెలియకుండా పట్టుకుంటే ఆరు నెలలు డబ్బాలో ముక్కలుగా ఉండిపోతుంది.

కాబట్టి మొదటిదానికి నా ఓటు 1950ల మధ్య నుంచి 60ల మధ్య వరకు వచ్చిన 5.5 జాన్సన్ లేదా ఎవిన్‌రూడ్. ఆయిల్ విషయంలో జాగ్రత్త, పాత బుష్ రకాలకి 24:1, అంటే 6 లీటర్లకి 250 మిల్లీలీటర్లు. 1964 ప్రాంతం నుంచి వచ్చిన చాలా మోడళ్లకి 50:1 అని రాసుంటుంది. మీ మోడల్ నంబర్ చూసి తేల్చుకోండి, తేలకపోతే 24:1 వెయ్యండి, ప్లగ్ కాస్త నల్లబడుతుంది అంతే, తక్కువ వేస్తే మాత్రం బేరింగ్ పోతుంది.

50ల నాటిది కొంటే వెంటనే రెండో ప్రశ్న ఎదురవుతుంది, ప్రెషర్ ట్యాంకు ఉంచాలా, ఫ్యూయల్ పంపుకి మార్చాలా? 1949లో జాన్సన్ 10 హార్స్‌పవర్ మోటార్‌తో విడి ట్యాంకు వచ్చింది, 50ల చివరిదాకా ఆ పద్ధతే. ట్యాంకుకీ మోటార్‌కీ మధ్య రెండు దారుల గొట్టం ఉంటుంది, ఒక దారిలో క్రాంక్‌కేస్ నుంచి గాలి వత్తిడి ట్యాంకులోకి వెళుతుంది, ఆ వత్తిడికి రెండో దారిలో పెట్రోలు పైకొస్తుంది. తెలివైన ఏర్పాటు, అన్నీ బిగుతుగా ఉన్నంతవరకు చక్కగా పనిచేస్తుంది. మూత గాస్కెట్ కొంచెం ఎండితే చాలు, వత్తిడి నిలవదు, నది మధ్యలో మోటార్ ఆగిపోతుంది. పైగా గొట్టం పగిలితే వత్తిడితో ఉన్న పెట్రోలు మనుషుల మీదికే చిమ్ముతుంది.

ప్రదర్శనకి పెట్టేవాళ్లు అసలు ట్యాంకే ఉంచుకోండి, దాని రబ్బర్లు, గాస్కెట్లు కొత్తవి వేసి, మూత విప్పే ముందు ప్రతిసారీ వత్తిడి వదలండి. ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని నీళ్ల మీదికి వెళ్లే మోటార్‌కి మాత్రం నేను పంపే పెడతాను, రెండో ఆలోచన లేదు. మార్చేటప్పుడు చాలామంది మరిచిపోయేది ఒకటుంది. మానిఫోల్డ్‌లో (కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే భాగం) గాలిని ఒకవైపే పోనిచ్చే చిన్న వాల్వులు ఉంటాయి, అవి అలాగే ఉంటే పంపుకి తోపు అందుతుంది గానీ లాగుడు అందదు, పంపులోని డయాఫ్రం (పెట్రోలు తోసే పల్చటి పొర) కదలదు. వాటిని తీసెయ్యాలి. తీసినవాటిని, పాత గొట్టాన్ని ఒక డబ్బాలో వేసి మోటార్ నంబర్ రాసి దాచండి, రేపు ఎవరికైనా అసలు రూపంలోకి తేవాలనిపిస్తే దారి ఉండాలి.

ఏ పద్ధతైనా కార్బురేటర్ విప్పక తప్పదు. లోపల పెట్రోలు మీద తేలుతూ దాని మట్టాన్ని అదుపుచేసే బెండు ఫ్లోట్ ఉంటుంది, దాని మీద లక్క వార్నిష్ పూత. ఇథనాల్ కలిసిన పెట్రోలు ఆ పూతని కరిగించేస్తుంది, అప్పుడు బెండు పెట్రోలు పీల్చి బరువెక్కి మునిగిపోతుంది, కార్బురేటర్ పొంగుతూనే ఉంటుంది. కొత్త ఫ్లోట్ వేసుకోండి, లేదా ఇథనాల్‌కి తట్టుకునే పూత వెయ్యండి.

రంగు సంగతి చివర్న చెబుతున్నాను, ఎందుకంటే చేయాల్సింది కూడా చివర్నే. నేను బాగుచేసిన మొదటి మోటార్‌కి వారం రోజులు కూర్చుని గీకి, ప్రైమర్ కొట్టి, అద్దంలా రంగు వేశాను. స్టార్ట్ చేసిన రోజే కార్బురేటర్ పొంగి పెట్రోలు కిందికి కారింది, కారిన చోటల్లా రంగు ముడతలు పడి చర్మంలా లేచిపోయింది, చూస్తూ నిలబడ్డాను. అప్పటి నుంచి పద్ధతి మార్చుకున్నాను. ముందు ఇంపెల్లర్ మార్చి, పెద్ద డ్రమ్ములో నీళ్లు నింపి మోటార్ కాలు పంపు మునిగేదాకా దించి నడపడం. 50ల జాన్సన్‌లకి నీళ్లు బయటికి చిమ్మే చిన్న రంధ్రం ఉండదు, కాలు వెనక పొగ రంధ్రంలోంచి నీటి తుంపర వస్తోందా చూడాలి, సిలిండర్ హెడ్ మీద చెయ్యి వేసి ఉంచగలుగుతున్నామా చూడాలి. చెయ్యి ఆనలేనంత కాలితే వెంటనే ఆపి పంపు విప్పాలి. ఇలా నాలుగైదు సార్లు నడిచి, ఎక్కడా కారక, గేర్ ఆయిల్ తెల్లబడక నిలిచాకే రంగు డబ్బా మూత తీస్తాను. పాత రంగు సగమన్నా మిగిలి, స్టిక్కర్ చదవడానికి వస్తుంటే ఆ మూత కూడా తియ్యను, కడిగి మైనం పూసి ఊరుకుంటాను.