పంది మాంసం, అనాస వేపుడుకు 6 ఏళ్లుగా వాడుతున్న కార్బన్ స్టీల్ మూకుడు

మా ఇంట్లో అందరికీ ఇష్టమైన పంది మాంసం, అనాస వేపుడు కోసమే 6 ఏళ్ల కిందట విశాఖపట్నంలో ఈ మూకుడు కొన్నాను. 14 అంగుళాల వెడల్పు, గుండ్రటి అడుగు, చెక్క పిడి, దాదాపు 2 కిలోల బరువు. నెలకు రెండుసార్లయినా ఇందులో ఈ వేపుడు చేస్తున్నాను. ఈ వంటకు ఇంతకంటే తగిన పాత్ర నాకు ఇంతవరకు దొరకలేదు. అయితే పులుపు తగిలితే దీనికి పడదు కాబట్టి, పండు వేసి చేసే వంటకు కొనేవారు ఆ సంగతి ముందే తెలుసుకోవాలి.

అంతకుముందు నాన్‌స్టిక్ పెనంలో చేసేవాళ్లం. మాంసం వేయగానే నీరు ఊరి, ముక్కలు వేగడానికి బదులు ఉడికిపోయి, పాలిపోయిన రంగులోనే ఉండిపోయేవి. మంట పెంచుదామంటే, నాన్‌స్టిక్ పూతను 260 డిగ్రీలు దాటి వేడి చేయడం మంచిది కాదు. ఈ మూకుడుకు ఆ భయం లేదు. నూనె నుంచి సన్నగా పొగ లేచేదాకా కాచవచ్చు, చల్లటి ముక్కలు పడి వేడి తగ్గినా వెంటనే తేరుకుంటుంది. అయినా హోటల్ పొయ్యి మంట ఇంటి గ్యాసు పొయ్యికి రాదు కనుక, అరకిలో మాంసాన్ని ఒకేసారి కుమ్మరించకుండా రెండు వాయిలుగా వేయించాలి. ఈ ఒక్క మార్పుతోనే మా వేపుడు రుచి పూర్తిగా మారిపోయింది.

ఈ వంటకు మూలం చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు తీపి పులుపు పంది మాంసం. అక్కడ ముక్కలకు పిండి పట్టించి, మునిగే నూనెలో వేయించి, ఆ తరవాత పులుసులో కలుపుతారు. నేను చేసేది అంత నూనె పట్టని ఇంటి పద్ధతి. కొద్దిగా కొవ్వు ఉన్న భుజం మాంసాన్ని కండ పోగులకు అడ్డంగా, చిటికెన వేలంత మందంలో కోసి, ఒక చెంచా సోయా సాస్, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్, మిరియాల పొడి, దంచిన అల్లం వెల్లుల్లి పట్టించి అరగంట ఉంచుతాను. కాగిన వేరుశనగ నూనెలో ముక్కలను ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, ఒక నిమిషం పాటు గరిట పెట్టను. మొదట చుర్రుమన్న చప్పుడు నెమ్మదిగా చిటపటలోకి దిగుతుంది, అంచుల్లో కొవ్వు బంగారు రంగు తిరుగుతుంది, అంతదాకా మూకుడును అంటిపెట్టుకున్న ముక్క అట్లకాడ తగలగానే తనంతట తానే వదిలి వస్తుంది. అప్పుడు తిప్పి, లోపల గులాబీ రంగు లేకుండా పూర్తిగా వేగనిచ్చి, తీసి పక్కన పెట్టుకుంటాను.

అదే నూనెలో ఉల్లిపాయ, క్యాప్సికం, ఎండుమిర్చి వేయించి, చివర్లో అనాస ముక్కలు వేసి, అంచులు గోధుమ రంగుకు రాగానే మాంసం తిరిగి వేసి, ఒక చెంచా వెనిగర్, ఒక చెంచా బెల్లం పొడి, రెండు చెంచాల సోయా సాస్ కలిపిన పులుసు పోసి, అది ముక్కలకు పట్టగానే దించేస్తాను. చక్కెర కన్నా బెల్లమే ఈ మాంసానికి బాగా నప్పుతుందని నా గట్టి నమ్మకం.

పండు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. జూన్, జూలై నెలల్లో సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చే అనాస సువాసన డబ్బా ముక్కల్లో ఉండదు. కానీ పచ్చి అనాసలోని బ్రొమెలైన్ అనే ఎంజైము మాంసంలోని ప్రొటీన్లను విడగొడుతుంది. మెత్తబడుతుందన్న ఆశతో ఒకసారి మాంసాన్ని అనాస రసంలో రెండు గంటలు నానబెట్టాను. ముక్కలు వేళ్ల మధ్య పిండిలా నలిగిపోయాయి, వేగాక నమలడానికి కండే మిగల్లేదు. పండును చివర్లో, కాగిన మూకుడులో వేస్తే వేడికి ఆ ఎంజైము పని ఆగిపోతుంది. డబ్బా అనాసను తయారీలోనే వేడి చేస్తారు కనుక దానితో ఈ ఇబ్బంది లేదు. అనాస దొరకని రోజుల్లో మామిడితోనూ చేశాను. బంగినపల్లి కరిగి గుజ్జయింది గానీ, దోరగా ఉన్న కలెక్టరు కాయ ముక్కలు చక్కగా నిలిచాయి.

ఇక లోపాలు. కొత్త మూకుడును తోమి, రంగు మారేదాకా కాల్చి, పలుచగా నూనె రాస్తూ వేడి చేస్తే నల్లటి పొర ఏర్పడుతుంది. మాంసం అంటుకోకుండా కాపాడేది ఆ పొరే. అనాస, వెనిగర్ పులుపు దాన్ని తినేస్తుంది. మొదటి ఏడాది ఒక ఆదివారం వేపుడును మూకుడులోనే ఉంచి భోజనాలకు కూర్చున్నాం. రెండోసారి వడ్డించేసరికి పులుసు నల్లబడి, ఇనుప వాసన పట్టింది. కడిగి చూస్తే అడుగున అరచేతి వెడల్పున పొర పోయి బూడిద రంగు లోహం తేలింది. మూడుసార్లు నూనె పట్టించి కాల్చాక గానీ అది మామూలు కాలేదు. అప్పటి నుంచి పొయ్యి ఆర్పగానే వేపుడు పింగాణీ గిన్నెలోకి మారుతుంది.

గుండ్రటి అడుగు కనుక ఇండక్షన్ పొయ్యి మీద ఇది పనికిరాదు. నాలుగో ఏట పిడి వదులైతే మరమేకు బిగించాల్సి వచ్చింది. ఒంటిచేత్తో ఎత్తడం మా అత్తగారి వల్ల కాదు, అందుకే ఆవిడ వండే రోజున దించిపెట్టడానికి మరొకరు పక్కన ఉంటారు. సముద్రపు గాలికి తడి మిగిలితే ఒక్క రాత్రిలోనే తుప్పు చుక్కలు లేస్తాయి కాబట్టి, కడిగిన వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి, నూనె గుడ్డతో లోపలా బయటా తుడిచి మేకుకు తగిలిస్తాం.